తగినంత పప్పును స్వీకరించినారు

మొదటి రోజు

ఈ దినచర్య నేను సరదాకి రాయడం లేదు. పాటలపెట్టె చెప్పింది తప్పని ఎవరైనా అభ్యంతరం చెబితే, వాళ్ళు ఇరవై ఒక్క రోజులు చేత్తో దినచర్య రాయాలని ధ్వని కార్యాలయం నియమం. రాయడానికి బద్ధకించి జనం ఊరుకుంటారని వాళ్ళ ఆశ. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి గాని బద్ధకం లేదు.

నా పేరు పేరంటాలు. ముత్తవ్వ పేరు తెచ్చి నాకు తగిలించారు. అరవై మూడేళ్ళు. తమ్ముడు గవరయ్య ఇంట్లో, తొమ్మిదో అంతస్తులో ఉంటాను. అప్పడాలు వత్తుతాను, ఎండ బాగుంటే మేడ మీద సౌర పలకల మధ్య వడియాలు పెడతాను. అందరిళ్ళలో ఉన్నట్టే మా గోడకీ ఒక పాటలపెట్టె ఉంది. పొద్దున్న వేణువు వాయిస్తుంది, మధ్యాహ్నం వీణ, సాయంత్రం మళ్ళీ వేణువు. వాయిస్తూనే ఇంట్లో ప్రతి మాటా వింటుంది. విన్నది దాచుకుంటుంది. దాచుకున్నదానికి మర్యాద మార్కులు వేస్తుంది. నూటికి అరవై కన్నా తగ్గితే లిఫ్టు మన కోసం ఆగదు.

మా తమ్ముడి కూతురు మేదిని పెళ్ళి ఈ దినచర్యలో ఇరవయ్యో రోజున. పెళ్ళి భోజనాల్లో ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని వెక్కిరిస్తూ పాటలు పాడాలి. పెట్టెలొచ్చాక ఎవరూ పాడటం లేదు. మా అమ్మకి అలాంటివి నలభై రెండు వచ్చు. ముప్పై అయిదేళ్ళ కిందట, పెట్టెలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అన్నీ పాడి ఇందులో దాచింది. అప్పట్లో వీటికి ఇంత బుద్ధి లేదు, పాడింది పాడినట్టు దాచుకునేవి. ఏటా అమ్మ తద్దినం నాడు ఒక పాట పెట్టుకుని వినేదాన్ని. వాటిలో ఎవరి పేరూ లేదు కాబట్టి పెట్టె పట్టించుకోలేదు.

నిన్న పట్టించుకుంది. అమ్మ పాటలు పెట్టి, మగపెళ్ళివారి పేర్లు చేర్చి సాధన చేస్తున్నాను. పెళ్ళికొడుకు మేనత్త మీద నాలుగు, తండ్రి మీద రెండు పూర్తిచేసి, తల్లి హైమవతి మీద మొదటిది పాడానో లేదో ఎర్ర దీపం వెలిగింది.

"అవమానం. నిర్ధారణ తొంభై ఏడు శాతం. మూలమైన నలభై రెండు పాటలు ఇరవై ఒకటో రోజు సాయంత్రం ఆరు గంటలకు చెరిపివేయబడును. బాధితులు ముగ్గురికీ నకళ్ళు పంపబడినవి."

పంపేసిందట! పెళ్ళిపెద్ద శుభలేఖలు కూడా ఇంత శ్రద్ధగా పంచడు. ఇంట్లో శబ్దం ఇల్లు దాటకూడదని చట్టం ఉంది, అందుకే అమ్మ పాటలు ఇంకోచోట దాచుకోనివ్వరు. తిట్లు మాత్రం దాటొచ్చు కాబోలు.

మాటలు నాకు కంఠతా వచ్చు. పోతుందని నా భయం అమ్మ గొంతు గురించి. ప్రతి చరణం చివరా ముక్కుతో ఒక చిన్న విరుపు విరిచేది, పాడిన మాట తనే నమ్మనట్టు. నేను ఎన్నేళ్ళు ప్రయత్నించినా ఆ విరుపు రాలేదు. పెట్టెలో నా పాటలు విని చూసుకున్నాను, ఎక్కడా లేదు. ఆ గొంతు ఈ లోకంలో ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

మూడో రోజు

ధ్వని కార్యాలయం నుంచి త్రిమూర్తులు గారు వచ్చారు. ఇంట్లో కూర్చున్నంతసేపూ పెట్టె వైపు చూస్తూ, "తమరి ఇల్లు ఎంతో ఆహ్లాదకరంగా ఉన్నది, తమరి మంచినీరు ఎంతో చల్లగా ఉన్నది" అన్నారు. నేనూ "తమరి రాక మా భాగ్యం" అన్నాను. ఇద్దరం అబద్ధాలు సమానంగా ఆడుకుని మెట్ల మీదికి వెళ్ళాం.

మెట్ల సంగతి చెప్పాలి. ఇంటికో పెట్టె అన్నారు చట్టంలో. మెట్లు ఎవరి ఇల్లూ కాదు, కాబట్టి మెట్లకి పెట్టె లేదు. ఈ భవనంలో మొగుడూ పెళ్ళాల పోట్లాటలు, అత్తాకోడళ్ళ లెక్కలు, తండ్రీకొడుకుల అలకలు అన్నీ మెట్ల మీదే. సాయంత్రం అయిదు దాటితే కూర్చోవడానికి చోటు దొరకదు. ఇంట్లో మాత్రం అందరూ దేవతలే.

తలుపు వేయగానే త్రిమూర్తులు గారు మనిషిలోకి వచ్చారు.

"ఏంటండీ బాబూ పేరంటాలు గారూ! పేర్లెట్టి పాడేత్తే ఎలాగండీ? 'ఎవరో వియ్యపురాలు' అని పాడుకుంటే పోయేది కదా!"

"ఎవరో వియ్యపురాలికి నేనెందుకు పాడతానయ్యా? నా వియ్యపురాలికి పాడతాను గాని."

"ఆయ్, అదీ నిజమేలెండి. ఇప్పుడు దారి ఒక్కటేనండి. ఆ ముగ్గురూ మీ పెట్టె ముందుకొచ్చి 'మాకు బాధ లేదు' అని చెప్పాలి. చెబితే సరిపోదండోయ్, గొంతులో బాధ ఎంతుందో అది కొలుత్తాది. ఇరవై శాతం దాటకూడదు."

"ఈ పెట్టెకి బాధ కూడా తెలుసా?"

"తెలుసంటారండి పైవాళ్ళు. దగ్గు, తుమ్ము, ముక్కు శబ్దం కూడా తెలుసండి. ఇప్పటి పెట్టెలు అవన్నీ ఏరి పారేసి, గొంతు నున్నగా చేసి దాత్తాయి. శుభ్రత కోసమండి."

గొంతుకి శుభ్రత ఏమిటో నాకు అర్థం కాలేదు. బియ్యంలో రాళ్ళేరినట్టు చెప్పాడు మహానుభావుడు.

ఐదో రోజు

ఇద్దరు బాధితులు వచ్చి వెళ్ళారు. పెళ్ళికొడుకు తండ్రికి చెవుడు. పాట వినబడలేదు, నా ప్రశ్నా వినబడలేదు, "బాధ లేదు, బాధ లేదు" అని కాఫీ తాగి వెళ్ళాడు. బాధ సున్నా శాతం. మేనత్త అయితే పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. "నా మీద నాలుగు పాటలండీ!" అని పెట్టెకి రెండుసార్లు చెప్పింది. బాధ ఒక శాతం. అది కూడా ఐదో పాట లేనందుకట.

ఇక మిగిలింది హైమవతి గారు. ఆవిడ నుంచి కబురు లేదు. ఏడు పాటలకి మా మార్కులు నలభై ఒకటికి పడిపోయాయి. నిన్నటి నుంచి లిఫ్టు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోతోంది.

ఆరో రోజు

పెట్టె దయతలచి నా పాటని సవరించి వినిపించింది. నేను పాడింది ఇది:

వియ్యపురాలు హైమవతి వచ్చింది చూడరే
పడవంత ఒక పక్క ఒరిగింది చూడరే
పప్పు వడ్డించితే గిన్నె కావాలంది
గిన్నె ఇచ్చామంటే గుండిగ ఏదంది

పెట్టె సవరించింది ఇది:

వియ్యపురాలు గారు విచ్చేసినారు
పడవ సమతలముగా నిలిచి ఉన్నది
తగినంత పప్పును స్వీకరించినారు
మిగతా పప్పు గిన్నెలోనే ఉన్నది

దీనికి వేణువు కూడా జోడించింది. గవరయ్య చేతులు జోడించి విన్నాడు. పెళ్ళిలో ఇదే పాడిద్దామన్నాడు. నేను వాణ్ణి మెట్ల మీదికి తీసుకెళ్ళి, ఎనిమిదో అంతస్తు వాళ్ళ పోట్లాట అయ్యేదాకా ఆగి, చివాట్లు పెట్టాను.

"అది కాదక్కా, మార్కులు పెరుగుతాయి గదా. లిఫ్టు ఆగుద్ది గదా. అరవై మంది చుట్టాలు ఎలా ఎక్కుతారే?"

"అమ్మ గొంతు పోతుందిరా!"

"అమ్మ పోయినప్పుడే పోయిందక్కా" అన్నాడు. అని, వాడే కళ్ళు తుడుచుకున్నాడు. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

తొమ్మిదో రోజు

హైమవతి గారు వచ్చారు. మా భవనంలో మొదటి రెండంతస్తులూ సముద్రం ఎప్పుడో తీసేసుకుంది, పడవ మూడో అంతస్తు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఆరు అంతస్తులు మెట్లెక్కి వచ్చారు. యాభై రెండేళ్ళ మనిషి, గోధుమరంగు చీర, జడలో ఒక్క వెంట్రుక కూడా పక్కకి పోలేదు. పలకరిస్తే, "తమ దర్శనం ఎంతో సంతోషం కలిగించినది" అన్నారు. గంటసేపు మాట్లాడారు. అందులో మనిషి ఎక్కడుందో నాకు దొరకలేదు.

చివరికి పెట్టె ముందు నిలబడి చెప్పారు. "నాకు ఎటువంటి బాధా లేదండి."

"గొంతు సరిపోలింది. హైమవతి గారు. బాధ అరవై ఒక్క శాతం. అంగీకారం చెల్లదు."

నా కాళ్ళ కింద నేల కదిలింది. ఆవిడ ముఖం మాత్రం కదలలేదు. మెట్ల దాకా సాగనంపుతానని వెంట వెళ్ళాను. రెండంతస్తులు దిగాం. ఏడో అంతస్తు మలుపులో ఆవిడ ఒక్కసారిగా నడుం మీద చేయి వేసి ఆగారు.

"అడగనా వదినగారూ? మా ఆడపడుచుకి నాలుగు పాటలు! ఆయనకి రెండు, ఆ చెవిటాయనకి! పెళ్ళికొడుకు తల్లిని నేను. నాకు ఒక్కటా? నేనంత లోకువైపోయానా మీకు?"

నేను మెట్టు మీద కూలబడ్డాను. అవమానించామని కాదు, చాలినంత అవమానించలేదని ఆవిడ బాధ.

"అయ్యో నా తల్లీ! పెద్దవాళ్ళకి ఆఖర్న పాడతారు. మీకని తొమ్మిది పెట్టుకున్నాను. మొదటిదానికే ఆ దిక్కుమాలిన పెట్టె నా నోరు నొక్కేసింది!"

"తొమ్మిదా?" అన్నారు. అని, ఆవిడా కూర్చున్నారు. "నా పెళ్ళిలో మా అమ్మ పాడబోతే మార్కులు పోతాయని మా నాన్న నోరు మూసేశాడండి. ముప్పై ఏళ్ళయింది. అందరూ బుద్ధిగా తినేసి పోయారు. ఎవరి పెళ్ళికొచ్చారో కూడా ఎవరికీ గుర్తులేదు. మీ పాట నకలు వచ్చినప్పుడు నేను పదిసార్లు విన్నాను."

"ఇప్పుడే పాడేస్తాను తొమ్మిదీ. వినేసి, పైకొచ్చి చెప్పేయండి."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "భోజనాల్లోనే పాడాలండి. విస్తరి ముందు పాడితే పాట. విడిగా పాడితే అది తిట్టే కదా."

ఆ మాట నాకూ తెలుసు. అమ్మ కూడా అదే అనేది. పెళ్ళి ఇరవయ్యో రోజు, గడువు ఇరవై ఒకటో రోజు. మధ్యలో ఒక్క రోజు.

పదమూడో రోజు

మెట్ల మీద సాధన చేస్తున్నాను. పోట్లాటకీ పోట్లాటకీ మధ్య నాకు పావుగంట ఇస్తున్నారు. ఎనిమిదో అంతస్తు భార్యాభర్తలు ఇవాళ తిట్టుకోవడం మధ్యలో ఆపి నా పాట విన్నారు. ఆవిడ గుండిగ మాట పట్టుకుని మొగుణ్ణి వెక్కిరించింది, ఆయన నవ్వేశాడు. రేపటి నుంచి వాళ్ళ వంతు కూడా నాకే ఇస్తారట.

పద్దెనిమిదో రోజు

గవరయ్య మేడ మీద పందిరి వేయించాడు. ఇంటి శుభకార్యం కాబట్టి పందిట్లో కూడా పెట్టె ఉండాలని నోటీసు వచ్చింది. పెట్టారు. అంటే పందిట్లో పాడటానికి లేదు. మేదిని వచ్చి నా చేయి పట్టుకుంది. "అత్తా, నా పెళ్ళి కూడా అందరూ మర్చిపోతారా?" అంది. నేను అప్పడాల పిండి ఇంకో ముద్ద కలిపాను.

ఇరవయ్యో రోజు

ముహూర్తం పొద్దున్న తొమ్మిదిన్నరకి. అరవై మంది మగపెళ్ళివారు మూడో అంతస్తు దగ్గర పడవ దిగి, రొప్పుతూ, దారిలో మమ్మల్ని ఎంతో మర్యాదగా శపిస్తూ మేడ దాకా ఎక్కారు. పందిట్లో పెట్టె వేణువు వాయించింది. మూడుముళ్ళు పడ్డాయి. "తమరి అమ్మాయి ఎంతో చక్కగా ఉన్నది" అని అందరూ వరసగా వచ్చి చెప్పి, వరసగా కూర్చున్నారు. సంతాపసభ కూడా ఇంతకన్నా సందడిగా ఉంటుంది.

భోజనాల వేళ అసలు సంగతి జరిగింది. వంటలు కింద పడవలో చేయించాం. గుండిగలు లిఫ్టులో తెద్దామనుకున్నారు వంటవాళ్ళు. నలభై ఒక్క మార్కుల ఇంటి పప్పుకి లిఫ్టు ఆగుతుందా? మోసుకుంటూ ఆరో అంతస్తు దాకా వచ్చి, "ఇక మావల్ల కాదు బాబో" అని దించేశారు. పెళ్ళివారు పైనుంచి దిగారు. అన్నం, ఆకలి ఆరో అంతస్తు దగ్గర కలుసుకున్నాయి.

ఇంక చేసేదేముంది, మెట్టుకి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. ఆరు నుంచి ఎనిమిది దాకా పెళ్ళి బంతి. హైమవతి గారు ఏడో అంతస్తు మలుపులో కూర్చుని, తలెత్తి నా వైపు చూశారు. అప్పటికి నాకు వెలిగింది. ఇవి మెట్లు. ఇక్కడ పెట్టె లేదు.

పాడాను. తొమ్మిదీ పాడాను. పడవ ఒరిగిన పాట, ఆవిడ జడ వేసుకోవడానికి ముహూర్తం పెట్టించే పాట, ఆవిడ మర్యాదకి భయపడి పెరుగు కూడా తోడుకోని పాట. మొదటి పాటకి అందరూ ఉలిక్కిపడ్డారు. గవరయ్య పెట్టె కోసం గోడలన్నీ వెతికాడు. రెండో పాటకి చెవిటాయన నవ్వాడు, పక్కనవాళ్ళ ముఖాలు చూసి. ఐదో పాటకి వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. తొమ్మిదోది అయ్యాక అందరూ హైమవతి గారి వైపు చూశారు.

ఆవిడ చేయి కడుక్కున్నారు. గొంతు సవరించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా వాడని గొంతు, మొదటి మాట బొంగురుగా వచ్చింది.

ఆడపెళ్ళివారి మర్యాద చూడరే
ఆకాశమంత ఎత్తు ఎక్కించినారే
కూర్చోను పీటంటే మెట్టు చూపించారు
మెట్టుకో అప్పడం, అదీ సగం విరిచారు

రెండంతస్తుల మెట్లూ ఒక్కసారి నవ్వాయి. గవరయ్యకి పొలమారింది. మేదిని పెళ్ళికొడుకు భుజం మీద వాలిపోయి నవ్వుతోంది. హైమవతి అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని, జడ ఊడిపోయి, వెనక ఉన్న ఆడపడుచుని గుద్దుతూ నవ్వుతోంది. నా అప్పడాన్ని సగం విరిచారంటుందా? ఇంత సంతోషం నాకు అమ్మ పోయాక కలగలేదు.

ఇరవై ఒకటో రోజు

నాలుగింటికే వచ్చింది హైమవతి. నిన్నటి నవ్వు ఇంకా గొంతులోనే ఉంది. త్రిమూర్తులు గారు సాక్షిగా కూర్చున్నారు. పెట్టె ముందు నిలబడి, "నాకే బాధా లేదు! ఇంకో తొమ్మిది పాడినా లేదు!" అంది.

"బాధ రెండు శాతం" అంది పెట్టె.

గవరయ్య చప్పట్లు కొట్టాడు. పెట్టె ఇంకా ముగించలేదు.

"గొంతు సరిపోలలేదు. వీరు హైమవతి గారు కారు."

"నేనే!" అంది హైమవతి.

"వారి ఇంటి పెట్టెలో ముప్పై సంవత్సరాల నమూనా పరిశీలించబడినది. ఇటువంటి గొంతు వారికి లేదు."

త్రిమూర్తులు గారు లేచారు. "ఆవిడే... వారే హైమవతి గారని ధ్వని కార్యాలయం తరఫున ధ్రువీకరిస్తున్నాను." పెట్టె ఆయనకి ధన్యవాదాలు చెప్పి, మనుషుల సాక్ష్యం పరిగణనలోకి రాదంది. ఆయన నుదురు తుడుచుకుని మెల్లగా అన్నారు. "అమ్మా, దయచేసి ఎప్పటిలా మాట్లాడండి."

హైమవతి నిటారుగా నిలబడింది. జడ సర్దుకుంది. ముఖంలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటున్నట్టు నాకు కనబడింది. "నాకు ఎటువంటి బాధా లేదండి."

"గొంతు సరిపోలింది. హైమవతి గారు. బాధ అరవై ఒక్క శాతం."

నవ్వుతూ చెబితే ఆవిడ కాదు. ఆవిడలా చెబితే బాధ. రెండు గంటలు ప్రయత్నించాం. పాడి చెప్పింది, కూర్చుని చెప్పింది, నా చేయి పట్టుకుని చెప్పింది. ఆఖర్న ఏడుస్తూ చెప్పింది. "గొంతు సరిపోలింది. బాధ తొంభై నాలుగు శాతం." బాధ లేని హైమవతి అనే మనిషి ఈ పెట్టెల లెక్కలో ఎప్పుడూ లేదు.

ఆరు కొట్టింది.

"ధన్యవాదాలు. నలభై రెండు పాటల స్థలం ఖాళీ చేయబడినది."

నేను ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. పెట్టె నా ఏడుపుకి అడ్డం రాకుండా వేణువు శబ్దం తగ్గించింది. అంత మర్యాద దానికి.

ఇరవై రెండో రోజు

గడువు అయిపోయింది, ఇక రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

మేదిని అత్తవారింటికి వెళ్ళింది. హైమవతి మాత్రం సాయంత్రం పడవకి వెళ్తానని ఆగింది. అయిదింటికి మెట్ల మీద కూర్చున్నాం. ఎనిమిదో అంతస్తు దంపతులు మొన్న బంతిలో దూరంగా కూర్చున్నారట, అప్పడం పాట మళ్ళీ కావాలన్నారు. హైమవతి పాడింది. మొదటి చరణం చివర్న ముక్కుతో చిన్నగా విరిచింది, పాడిన మాట తనే నమ్మనట్టు.

నేను కాఫీ మెట్టు మీద పెట్టేశాను.

"ఆ విరుపు నీకెక్కడిది వదినా?"

"అదేంటి, మీదే కదండీ! ప్రతి చరణానికీ విరిచారు కదా నిన్న... కాదు, మొన్న బంతిలో. అది లేకపోతే వెక్కిరింపు ఎలా అవుద్దని నేనూ పట్టుకున్నాను."

"నాకది రాదు. పెట్టెలో విని చూసుకున్నాను, ఎన్నోసార్లు."

ఎనిమిదో అంతస్తు ఆవిడ నా వైపు వింతగా చూసింది. "రాకపోవడమేంటి పిన్నిగారూ? పది రోజులుగా వింటున్నాం. మా ఆయన కూడా మీలాగే విరుస్తున్నాడు."

అప్పుడు త్రిమూర్తులు గారి మాట గుర్తొచ్చింది. ముక్కు శబ్దాలు ఏరి పారేస్తాయి, గొంతు నున్నగా చేసి దాస్తాయి. నేను పాడిన ప్రతిసారీ అమ్మ నా గొంతులో వచ్చింది, ప్రతిసారీ పెట్టె ఆవిణ్ణి తుడిచేసి నాకు వినిపించింది. నేనేమో దాని మాట నమ్మాను. ఇన్నేళ్ళు! మెట్ల మీద నలుగురి ముందు ఎప్పుడో ఒక్కసారి పాడి ఉంటే అప్పుడే తెలిసేది.

హైమవతి చేత ఇంకో మూడు పాటలు వల్లె వేయించాను. మిగతావాటికి వారం వారం వస్తానంది. ఎనిమిదో అంతస్తు ఆవిడ కూడా కూర్చుంటానంది. మొగుణ్ణి కూడా కూర్చోబెడతానంది, వద్దన్నా వినలేదు.

లోపలికి వచ్చేసరికి పెట్టెలో పచ్చదీపం వెలుగుతోంది. ఇరవై నాలుగు గంటలుగా మా ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి మార్కులు డెబ్బై రెండుకి పెరిగాయట. అభినందనలు చెప్పింది. తర్వాత అడిగింది. "నలభై రెండు పాటల స్థలం ఖాళీగా ఉన్నది. అందులో ఏమి దాచమంటారు?"

"వేణువు దాచుకోండి. తమరి వేణువు ఎంతో ఆహ్లాదకరంగా ఉన్నది" అన్నాను, ఎంతో మర్యాదగా.